ప్రధాన సంపాదకుణ్ణి ఎంచేముందు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల ఉపకులపతులందరికీ,



మీ విశ్వవిద్యాలయం పేరుతో వెలువడే పరిశోధక పత్రికకు కొత్త ప్రధాన సంపాదకుణ్ణి పెట్టే ఫైలు ఎప్పుడో ఒకప్పుడు మీ బల్ల మీదికి వస్తుంది. చాలా పల్చటి ఫైలు అది. ఉన్నవారు రిటైరయ్యారనో, శాఖాధ్యక్షుల పదవీకాలం ముగిసిందనో ఒక నోటు ఉంటుంది. దాని కింద సీనియారిటీ ప్రకారం ఒక పేరు. మీరు సంతకం పెడితే ఆఫీస్ ఆర్డర్ బయటికి వస్తుంది, తర్వాతి సంచిక లోపలి అట్ట మీద పేరు మారుతుంది. అంతటితో నియామకం ముగుస్తుంది. ఆ సంతకం పెట్టేముందు ఈ ఉత్తరం చదవమని అడగడానికే ఇది రాస్తున్నాను.

నేను విశ్వవిద్యాలయంలో చరిత్ర పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. పత్రికలకు వ్యాసాలు పంపాను, పత్రికలు పంపిన ఇతరుల వ్యాసాలు చదివి అభిప్రాయాలు రాశాను. మన రెండు రాష్ట్రాల పిల్లలు ఎంత కష్టపడి శాసనాల వెంట, తాళపత్రాల వెంట, ఊళ్ల వెంట తిరిగి సామగ్రి పోగుచేస్తారో దగ్గర్నుంచి చూశాను. ఆ కష్టం అచ్చయ్యే చోట దాన్ని జాగ్రత్తగా చదివే మనిషి ఒకరు ఉండాలన్నదే నా కోరిక.

ఈ మాట ఇప్పుడే ఎందుకు అంటున్నానంటే, 2025 ఫిబ్రవరిలో యూజీసీ తన కేర్ జాబితాను ఎత్తేసింది. 2018 నవంబరులో మొదలైన ఆ ఏర్పాటు ఉన్నన్నాళ్లూ ఏ పత్రిక మంచిదో, ఏది కాదో ఢిల్లీ చెప్పేది. ఇప్పుడు ఆ బాధ్యత విశ్వవిద్యాలయాలకే వచ్చింది. జాబితా పోయిందని చాలామంది సంతోషించారు, నేనూ సంతోషించాను. కానీ జాబితా ఎందుకు పెట్టాల్సివచ్చిందో మరిచిపోకూడదు. అంతకుముందు యూజీసీ ఆమోదించిన పత్రికల్లో ఎన్నో విశ్వవిద్యాలయాలు స్వయంగా సిఫారసు చేసినవే. ఆ సిఫారసుల్లోంచి కొన్నిటిని తీసి పుణే పరిశోధకులు పరీక్షించి, 2018లో కరెంట్ సైన్స్ పత్రికలో ఫలితం ప్రచురించారు. 88 శాతానికి పైగా పత్రికలు కనీస ప్రమాణాలకు కూడా నిలవలేదు. చిరునామా ఉండదు, సంపాదకుల వివరాలు ఉండవు, ఉన్నా తప్పులు. అదే ఏడాది మే నెలలో యూజీసీ ఒక్కసారిగా 4,305 పత్రికల పేర్లు కొట్టేసింది. వాటిని మంచివని రాసిచ్చింది ఎవరు? విశ్వవిద్యాలయాల్లో ఉన్న మనమే.

మన ఊరి మచ్చ ఇంకొకటి ఉంది. హైదరాబాద్ కేంద్రంగా వందలాది పత్రికలు నడిపిన ఒక ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేసింది. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని తీర్పిచ్చింది. కమిషన్ చేసిన ఆరోపణల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది డబ్బు సంగతి కాదు. ఒప్పుకోని పండితుల పేర్లను సంపాదకులుగా వేసుకున్నారన్నది. సంపాదకుడంటే లోపలి అట్ట మీద ఒక పేరు మాత్రమే అనుకుంటే పత్రిక ఎక్కడిదాకా దిగజారుతుందో అక్కడ కనిపించింది. మన విశ్వవిద్యాలయాల పత్రికలు ఆ కోవలోవి కావు. అయినా చదవని, తీరిక లేని, కాదనలేని మనిషి పేరును మనమే ప్రధాన సంపాదకుడని వేస్తే, పాఠకుడికి దక్కేదాంట్లో పెద్ద తేడా ఉండదు.

ప్రధాన సంపాదకుడు నిజంగా చేసే పని ఏమిటో ఒక చిన్న ఉదాహరణతో చెబుతాను. హనుమకొండ వేయిస్తంభాల గుడి మీద ఒక కుర్ర పరిశోధకురాలు వ్యాసం పంపిందనుకోండి. శిల్పం గురించి బాగా రాసింది. అక్కడి కాకతీయ రుద్రదేవుడి శాసనం శక సంవత్సరం 1084 నాటిది కాబట్టి దానికి 78 కలిపి క్రీ.శ. 1162 అని వేసింది. వ్యాసం ఇద్దరు రివ్యూయర్లకు వెళ్లింది. ఇద్దరూ శిల్పకళ తెలిసినవారే, మెచ్చుకున్నారు. అచ్చుకు పంపవచ్చు. కానీ ఆ శాసనంలో ఉన్నది చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి, శనివారం. ఉగాదితో మొదలైన శక సంవత్సరం మాఘ మాసానికి వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది. లెక్క కట్టి చూస్తే అది 1163 జనవరి 19, సరిగ్గా శనివారమే పడుతుంది. ఒక్క ఏడాదే కదా అనవచ్చు. కాకతీయులు చాళుక్యుల సామంతులుగా ఉండటం మాని ఎప్పుడు స్వతంత్రులయ్యారన్న చర్చకు ఆధారం ఈ శాసనమే. ఆ ఒక్క ఏడాదిని తర్వాతివాళ్లు ఈ వ్యాసంలోంచి ఎత్తి రాసుకుంటారు, వాళ్లలోంచి ఇంకొకరు. పదేళ్లకు తప్పే పాఠమైపోతుంది.

మంచి సంపాదకుడు ఆ తేదీ దగ్గర ఆగుతాడు. తనకు శాసనాలు తెలియకపోవచ్చు, తను భాషాశాస్త్రం మనిషో ఆర్థికశాస్త్రం మనిషో కావచ్చు. తిథి, వారం ఇచ్చిన శాసనానికి తేదీ వేసేటప్పుడు ఎవరిని అడగాలో ఆయనకు తెలిసి ఉంటుంది. శాసనాలు చదివే మూడోవారికి ఆ ఒక్క పేజీ పంపుతాడు. జవాబు రాగానే ఆ అమ్మాయికి ఉత్తరం రాస్తాడు: లెక్క ఇలా ఉంది, ఇది సవరిస్తే మీ వాదన బలపడుతుంది అని. ఆ ఉత్తరం అందుకున్న అమ్మాయి జీవితంలో మళ్లీ శక సంవత్సరానికి గుడ్డిగా 78 కలపదు. పత్రిక చేసే అసలైన చదువు అది. ఏ పీహెచ్‌డీ కోర్సువర్క్‌లోనూ దొరకదు.

ఇలాంటి పనికి తీరిక కావాలి. రివ్యూయర్లను వెతకడమే సగం పని. తెలుగులో ఒక్కో రంగంలో నికరంగా చదవగలిగినవారు పదిమందికి మించరు, వారిలో ఇద్దరు వ్యాసకర్త గైడుకు ఆప్తమిత్రులు, ఒకరు బద్ధ వ్యతిరేకి. పేర్లు తీసేసి పంపినా వాక్యం చూసి ఎవరు రాశారో పోల్చేస్తారు. ఒప్పుకున్నవారు రెండు నెలలు పలకరు. ఒకసారి గుర్తుచేస్తే ఇదిగో రేపే అంటారు. ఆఖరికి ఒకరి నుంచి నాలుగు వాక్యాలు, ఇంకొకరి నుంచి ఆరు పేజీలు వస్తాయి, రెండూ చెరో వైపు లాగుతాయి. ఆ రెంటినీ ముందు పెట్టుకుని వ్యాసాన్ని మళ్లీ మొదట్నుంచి చదివి నిర్ణయం తీసుకోవాలి. వారానికి పదహారు గంటల క్లాసులు, పరీక్షల డ్యూటీ, నాక్ కమిటీ, హాస్టల్ వార్డెన్ బాధ్యత మోస్తున్న శాఖాధ్యక్షుడికి అదనంగా ఈ పని అప్పజెప్పి పత్రిక బాగుండాలని కోరుకోవడం అన్యాయం. ఆయనకూ అన్యాయం, వ్యాసకర్తకూ అన్యాయం.

ఇక అన్నిటికన్నా కష్టమైన మాట చెబుతాను. చాలా చోట్ల ప్రధాన సంపాదకులు మీరే. ఉపకులపతి ఎవరైతే వారే ప్రధాన సంపాదకులన్న ఆనవాయితీ ఎప్పటి నుంచో ఉంది. గౌరవసూచకంగా మొదలైన ఆనవాయితీయే కావచ్చు. దయచేసి మీరే ఆ గౌరవాన్ని వదులుకోండి. ప్రమోషన్ మీ చేతిలో ఉన్న అధ్యాపకుడు మీ పత్రికకు వ్యాసం పంపుతాడు. అదే అధ్యాపకుణ్ణి మీరు రేపు ఏదో కమిటీలో వేయాలి. పాలకమండలి సభ్యుడి బంధువు వ్యాసం వస్తుంది. తిప్పి పంపాల్సినదాన్ని తిప్పి పంపగలగడమే సంపాదకత్వానికి ప్రాణం. ఇన్ని బంధాల మధ్య ఉన్న కుర్చీ నుంచి ఆ పని జరగదు. మీ సిబ్బంది కూడా మీ పేరు మీద నిరాకరణ లేఖ పంపడానికి జంకుతారు.

పి. బలరామ్ గారి సంగతి ఏమిటని మీలో కొందరు అడగవచ్చు. ఆయన బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా ఉంటూనే కరెంట్ సైన్స్ నడిపారు. నిజమే. కానీ ఆయన 1995లో ఆ పత్రిక చేపట్టారు, డైరెక్టరైంది 2005లో. పదేళ్లు సంపాదకుడిగా నిలబడ్డాక పదవి వచ్చింది. పదవి వచ్చింది కాబట్టి పత్రిక చేతికి రాలేదు. పైగా ఆ పత్రిక ఒక్క సంస్థ అధ్యాపకుల కోసం వెలువడేది కాదు, దేశమంతా రాసే పక్షపత్రిక.

మరి ఎలా ఎంచాలి? బహిరంగంగా ప్రకటన ఇవ్వండి. మీ ప్రాంగణం గోడల మధ్యే ఆగకండి. ఆంధ్ర విశ్వవిద్యాలయం పత్రికకు వరంగల్ నుంచి, ఉస్మానియా పత్రికకు తిరుపతి నుంచి ఎందుకు సంపాదకుడు రాకూడదు? మద్రాసు, కాశీ, ఢిల్లీ విశ్వవిద్యాలయాల్లో తెలుగు చెప్పేవారున్నారు. అమెరికా, ఐరోపా విశ్వవిద్యాలయాల్లో దక్షిణ భారతం మీద పనిచేస్తున్నవారిలో తెలుగు బాగా చదివేవారున్నారు. వ్యాసాలన్నీ ఈమెయిల్‌లో వచ్చిపోయే కాలంలో సంపాదకుడు మీ క్వార్టర్స్‌లో ఉండాల్సిన అవసరం లేదు.

దరఖాస్తుతో ఏం అడగాలన్నదే కీలకం. ఎన్ని వ్యాసాలు అచ్చయ్యాయి, ఎన్ని సెమినార్లు పెట్టారు, ఎన్ని పురస్కారాలు వచ్చాయి అన్న జాబితా చూసి సంపాదకుణ్ణి పోల్చలేం. గొప్పగా రాసేవారిలో ఇతరుల రాతను ఓపికగా చదవలేనివారు ఎంతోమంది. అభ్యర్థి గతంలో ఏదైనా పత్రికకు రాసిన రెండు రివ్యూ లేఖలు, పేర్లూ వివరాలూ తీసేసి పంపమనండి. అందులో ఒకటి వ్యాసాన్ని నిరాకరించమని రాసినదై ఉండాలి. ఆ లేఖలో మనిషి మొత్తం కనిపిస్తాడు. ఎంతవరకు చదివాడు, తప్పు ఏ పేజీలో ఉందో చూపించాడా లేక మొత్తంగా బాగాలేదని తేల్చేశాడా, అవతలివాడిని చిన్నబుచ్చాడా, నిరాకరిస్తూ కూడా దారి చూపించాడా. ఆ తర్వాత సెర్చ్ కమిటీ ఒక అసలు వ్యాసాన్ని, తప్పొప్పులు కలిసినదాన్ని, అభ్యర్థి చేతికిచ్చి రెండు రోజుల తర్వాత కూర్చోబెట్టి మాట్లాడాలి. ఆ ఒక్క గంట సంభాషణ పది ఇంటర్వ్యూల కన్నా ఎక్కువ చెబుతుంది.

కమిటీలో మీ విశ్వవిద్యాలయం బయటివారు ఎక్కువమంది ఉండాలి. ఆడవాళ్లు ఉండాలి. 1869లో మొదలైన నేచర్ పత్రికకు ఒక మహిళ ప్రధాన సంపాదకురాలు కావడానికి 2018 దాకా పట్టింది. మన తెలుగు శాఖల్లో, చరిత్ర శాఖల్లో పరిశోధన చేసే అమ్మాయిలు ఇప్పుడు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. సంపాదక మండలి జాబితాలు మాత్రం పాత ఫోటోల్లాగే ఉన్నాయి.

పదవీకాలం ఐదేళ్లు పెట్టండి. రెండేళ్లకోసారి మారితే ఎవరికీ పని పట్టుబడదు. జీవితాంతం ఒకరే ఉంటే వారి అభిరుచే పత్రిక అవుతుంది. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీని కృష్ణరాజ్ 1969 నుంచి 2004లో కన్నుమూసేదాకా ముప్పై అయిదేళ్లు నడిపారన్నది నాకు తెలుసు. కె. బాలగోపాల్ లాంటి మన తెలుగువాళ్లు ఇక్కడి పల్లెల్లో జరిగింది రాసి పంపితే దేశమంతా చదివే చోటిచ్చిన పత్రిక అది. అంతటి మనిషి దొరికితే ఐదేళ్లను పదేళ్లు చేసుకోవచ్చు. దొరుకుతాడన్న ఆశ మీద మాత్రం నిబంధనలు రాయకూడదు.

ఎంచుకున్నాక ఏం ఇవ్వాలన్నది మీరు ముందే ప్రకటనలో రాయాలి. బోధన గంటల్లో సగం తగ్గింపు, పూర్తికాలం పనిచేసే ఒక సహాయకుడు, వ్యాసాలూ ప్రూఫులూ దిద్దడం తెలిసిన ఒకరు, చిన్న బడ్జెట్. వ్యాసకర్త దగ్గర రూపాయి తీసుకోకూడదు, పాఠకుడి దగ్గరా తీసుకోకూడదు. ప్రజల డబ్బుతో నడిచే విశ్వవిద్యాలయానికి ఇది పెద్ద భారం కాదు. ఒక జాతీయ సెమినార్‌కు శాలువాలకూ భోజనాలకూ అయ్యే ఖర్చుతో ఒక సంచిక శ్రద్ధగా తయారవుతుంది.

డబ్బు కన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఇవ్వాలి. సంపాదకుడి నిర్ణయంలో మీరు గానీ, పాలకమండలి గానీ, ప్రభుత్వం గానీ కలగజేసుకోబోమని రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇది లేకపోతే ఏమవుతుందో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ చరిత్రలోనే ఉంది. అచ్చయిన ఒక వ్యాసాన్ని తొలగించమని 2017 జులైలో ఆ పత్రికను నడిపే ట్రస్టు ఆదేశించింది, అప్పటి సంపాదకుడు రాజీనామా చేశారు. ఆ వ్యాసం మంచిచెడ్డల మీద ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, అచ్చయినదాన్ని యజమాని తీయించవచ్చని తెలిసిన మరుక్షణం రాసేవారి చెయ్యి వణుకుతుంది. భాషాశాస్త్రంలో లింగ్వా పత్రిక కథ ఇంకా స్పష్టమైనది. 1949లో పుట్టిన పేరున్న పత్రిక. వ్యాసాలు అందరికీ అందుబాటులో ఉండాలి, పత్రిక పేరు పండితుల చేతిలో ఉండాలి అని అడిగితే ప్రచురణ సంస్థ ఒప్పుకోలేదు. 2015లో ప్రధాన సంపాదకుడు జోహాన్ రూరిక్‌తో పాటు సంపాదక మండలి మొత్తం తప్పుకుని గ్లాసా అనే కొత్త పత్రిక పెట్టుకున్నారు. పేరు కంపెనీ దగ్గర ఉండిపోయింది, నమ్మకం మనుషుల వెంట వెళ్లిపోయింది. మీ పత్రిక మీద ఉన్న నమ్మకం కూడా సంపాదకుడి వెంట నడిచేదే.

పండితులు తమంతట తాము పత్రిక నడుపుకోవడం మనకు కొత్త కాదు. రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకానికి 900 ఏళ్లు నిండిన సందర్భంగా 1922లో రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టిన 1926లోనే ఆ మండలి పత్రికా మొదలైంది. తూర్పు చాళుక్యుల మీద, తూర్పు గాంగుల మీద పనిచేసే ఎవరైనా ఈనాటికీ ఆ సంపుటాలు తిరగేయక తప్పదు. ఆ మండలివాళ్లకు యూజీసీ లేదు, ఇంపాక్ట్ ఫాక్టర్ లేదు. వచ్చిన వ్యాసాన్ని చదివి, రాసినవాడితో వాదించి, శాసన పాఠం సరిచూసి వేసే మనుషులు ఉండేవారు.

కొత్తగా వచ్చేవారు మొదటి రోజున తేల్చాల్సిన పని ఒకటుంది, అది అక్షరాల గురించి. మన పరిశోధక పత్రికలు చాలా ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపవుతున్నాయి. కాగితం మీద చక్కగా కనిపిస్తాయి. ఆ ఫైలు తెరిచి వెతికితే ఒక్క తెలుగు మాట దొరకదు, కంప్యూటర్‌కు అది ఇంగ్లీషు అక్షరాల గజిబిజి మాత్రమే. గూగుల్‌కు దొరకదు, గ్రంథాలయ సూచికకు దొరకదు. 2018లో యూజీసీ గ్రంథచౌర్యం నిబంధనలు తెచ్చి 10 శాతం దాటిన పోలికను తప్పుగా పరిగణించమంది, కానీ ఆ పోలికను పట్టే సాఫ్ట్‌వేర్ ఈ ఫాంట్లను చదవలేదు. వేరొకరి థీసిస్‌లోంచి అధ్యాయానికి అధ్యాయం ఎత్తి పెట్టినా పోలిక సున్నా అని చూపిస్తుంది. యూనికోడ్‌లో లేని వ్యాసాన్ని తీసుకోబోమని సంపాదకుడు గట్టిగా చెప్పాలి. పాత సంపుటాలను కూడా మెల్లగా యూనికోడ్‌లోకి మార్పించాలి. ఇది డీటీపీ వాళ్లకు వదిలేసే విషయం కాదు. తెలుగులో జరిగిన పరిశోధన రేపటివాళ్లకు కనిపిస్తుందా లేదా అన్నది దీని మీదే ఆధారపడి ఉంది.

చివరగా ఒక విన్నపం, ఇది మాత్రం ఆలస్యం చేయకండి. సంపాదకులు మారినప్పుడల్లా ఎక్కువ నష్టపోయేది వ్యాసం పంపి ఎదురుచూస్తున్న పిల్లలు. పాత సంపాదకుడి మెయిల్‌లో ఉన్న వ్యాసాలు కొత్తవారికి అందవు. అందుకున్నామన్న జవాబు వచ్చి ఏడాది గడుస్తుంది. అడిగితే సంపాదకులు మారారండీ అంటారు. ఈలోగా ఫెలోషిప్ గడువు అయిపోతుంది, మరో చోటికి పంపుదామంటే ఇక్కడ తేలలేదు. కాబట్టి పత్రికకు సొంత ఈమెయిల్ పెట్టండి, వ్యక్తిగత చిరునామా వద్దు. కొత్తవారు బాధ్యతలు తీసుకునే ముందు కనీసం ఒక సంచిక పాతవారితో కలిసి చేయాలని షరతు పెట్టండి. పెండింగ్‌లో ఉన్న ప్రతి వ్యాసం ఏ తేదీన వచ్చింది, ఎవరి దగ్గర ఉంది, ఎక్కడ ఆగింది అన్న పట్టిక ఒకటి పాత సంపాదకుడు సంతకం చేసి అప్పగించాలి. కొత్త సంపాదకుడు నెల రోజుల్లో ఆ పట్టికలోని ప్రతి ఒక్కరికీ ఉత్తరం రాయాలి, తీసుకుంటున్నామో లేదో, ఎప్పటికి చెబుతామో. ఈ విద్యా సంవత్సరంలోనే మీ పత్రిక ఆఫీసు నుంచి ఆ పట్టిక తెప్పించుకుని చూడండి.

గౌరవంతో,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు